అందినట్టే

లింగారావు పోయిన పదకొండో రోజున కూడా హైమవతి ఆ పెట్టె కోసం వెతుకుతూనే ఉంది.

ఇల్లంతా చుట్టాలు. పెరట్లో గాడిపొయ్యి మీద వంటలవుతున్నాయి. పురోహితుడు అప్పటికి రెండుసార్లు కేకేశాడు. ఆమె మాత్రం పడగ్గదిలో నేల మీద కూర్చుని, బీరువాలో చీరలన్నీ బయటికి లాగి, ఒక్కొక్క మడతా విప్పి దులుపుతోంది. విశాఖపట్నం నుంచి వచ్చిన అక్క సువర్చల గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"చాలమ్మా హైమా. లే."

"ఇక్కడే పెట్టేనక్కా. ఇదిగో, ఈ అరలోనే, బ్యాంకు పుస్తకాల పక్కన. తెల్ల పెట్టె, మీద ఎర్ర గీత. నా చేత్తో నేను పెట్టేను."

అంబాజీపేటలో లింగారావుది కొబ్బరికాయల వ్యాపారం. క్రితం ఏడాది కాయల రాశిలోంచి లేచిన కందిరీగ ఒకటి కుడితే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, మనిషి పడిపోయాడు. ఎలాగో బతికాడు. మళ్ళీ కుడితే ఆసుపత్రికి చేరేదాకా ఊపిరి నిలవదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. పెన్నులాంటి ఇంజక్షన్ ఒకటుంటుందనీ, పంచె మీంచే తొడకి నొక్కుకోవచ్చనీ, అది ఎప్పుడూ చేతికి అందేచోట ఉండాలనీ అన్నాడు. చుట్టుపక్కల మందుల షాపుల్లో ఎక్కడా లేదు. తలవాకిలి అనే ఆన్‌లైన్ దుకాణంలో కనపడితే హైమవతి తెప్పించింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం రెండు కందిరీగలు మెడ మీద కుట్టాయి. లింగారావు కంగారు పడలేదు. ఇంట్లో మందుందని ఆయన ధీమా. ఎదురుగా ఆటో ఉంది, ఎక్కితే అమలాపురం ఆసుపత్రికి పోవచ్చు. ఎక్కలేదు. తాపీగా నడుచుకుంటూ ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "హైమా, ఆ ఇంజక్షనందుకో" అన్నాడు. హైమవతి బీరువా తెరిచింది. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

బయట అత్తగారు సత్యవేణమ్మ ఎవరితోనో అంటోంది, లోపలికి వినపడాలనే అంటోంది. "నా కొడుకు ప్రాణం పెట్టెలో పెట్టి చేతికిచ్చేరమ్మా. ఆ పెట్టె ఎక్కడ పారేసిందో దీనికి గుర్తులేదు."

హైమవతి ఆ మాటకి ఉలిక్కిపడలేదు, ఏడవలేదు. తనూ అదే అనుకుంటోంది కాబోలు, ఇంకో చీర మడత విప్పింది.

సువర్చల పక్కన కూర్చుంది. మాటల్లో పెట్టి లేపుదామని, "ఎప్పుడొచ్చిందే అది?" అని అడిగింది.

"జూలైలో. వాన పడుతోంది. అతను నీలం రెయిన్‌కోటు వేసుకున్నాడు. గొడుగేసుకుని గేటు దాకా నేనే వెళ్ళేను. అట్టపెట్టె ఓ మూల తడిసింది కూడానూ. ఫోను మీద వేలితో సంతకం చేసేను."

హైమవతి ఫోను తీసి చూపించింది. జూలై పధ్నాలుగు, పగలు పదకొండు గంటలకి అందినట్టు ఉంది. సువర్చల ఆ తేదీని మళ్ళీ మళ్ళీ చూసింది.

"హైమా, జూలై పధ్నాలుగున మీ అత్తగారి కంటి ఆపరేషన్ కదే. విశాఖపట్నంలో కంటాసుపత్రి బల్ల మీద నువ్వూ నేనూ పొద్దుట్నుంచీ పక్కపక్కన కూర్చున్నాం. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు మీరు. మీ ఆయన కొబ్బరి లోడుతో వెళ్ళేడన్నావు. ఇక్కడ ఇంటికి తాళం."

హైమవతి చేతిలో చీర ఆగిపోయింది. "అవును, ఆసుపత్రి. బల్ల మీద కూర్చున్నాం." కాసేపు కళ్ళు మూసుకుంది. "కానీ గేటు దగ్గిర వానక్కా. పెట్టె తడిసింది. రెండూ గుర్తున్నాయి నాకు."

"వచ్చిందని ముందుగా నీకెలా తెలిసింది?"

"ఫోనొచ్చింది కదా, వాళ్ళది. ముందు తంబురా మీటినట్టు మోగుద్ది, అప్పుడు చెప్తారు. నా ఫోన్లో అన్నీ రికార్డవుతాయి, ఉంటుంది చూడు."

తంబురా అనగానే సువర్చల ఆ ఫోను లాక్కుంది. ఫోను పట్టుకుని పెరటి వైపు, బట్టలుతికే బండ దగ్గరికి నడిచింది. చెవికి పెట్టుకోబోయి ఆగింది. పెన్ను తీసి ఎడమ అరచేతిలో 'పార్సిల్ రాలేదు, నేను చూడలేదు' అని రాసుకుంది. అప్పుడు వింది.

ఏడు సెకన్లు. లోతుగా, మెత్తగా మొదలై, ఒక చోట తెగినట్టే తెగి, మళ్ళీ కలిసే శ్రుతి. తర్వాత ఒక ఆడగొంతు. "హైమవతి గారూ, మీ పార్సిల్ మీకు అందింది. ధన్యవాదాలు."

అందింది నిజమే కదా అనుకుంది సువర్చల. హైమ ఆ తెల్ల పెట్టె తెచ్చి తనకి చూపించలేదూ? 'జాగ్రత్తగా దాచు' అని తనే అనలేదూ? పాపం, దుఃఖంలో ఎక్కడ పెట్టిందో మర్చిపోయి ఉంటుంది. ఫోను దింపబోతే అరచేతిలో అక్షరాలు కనపడ్డాయి. చూసి కోపమొచ్చింది. ఎవరు రాశారీ అబద్ధం?

చేతిరాత తనదే. సిరా ఇంకా ఆరలేదు.

అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక ఉతికే బండ పట్టుకుని వంగి, పొద్దున్న తిన్నదంతా కక్కేసింది. ఎవరో వంటావిడ నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది. నోరు ఎంత పుక్కిలించినా ఆ వెగటు వదల్లేదు. ఆ శబ్దాన్ని తయారుచేసింది తనే.

*

దాని పేరు కుదురు. సువర్చల పన్నెండేళ్ళ కష్టం. మతిమరుపు ముదిరిన ముసలివాళ్ళ కోసం మొదలుపెట్టింది. విశాఖలో ఒక వృద్ధాశ్రమంలో పేర్రాజు మాస్టారని ఒకాయన ఉండేవారు. పాలొచ్చాయా అని అయిదు నిమిషాలకోసారి అడిగేవారు. వచ్చాయంటే మర్చిపోయేవారు, మళ్ళీ అడిగేవారు, చేతులు నులుముకునేవారు, సాయంత్రానికి ఏడ్చేవారు. పని పూర్తయిందన్న నెమ్మది ఆయన బుర్రలో ఎక్కడా నిలిచేది కాదు. ఆ నెమ్మదిని చెవిలోంచి పంపే శ్రుతి కోసం సువర్చల ఎన్నో శబ్దాలు కలిపింది, విరిచింది. చివరికి ఏడు సెకన్లది ఒకటి దొరికింది. అది వినిపించి, వెంటనే "పాలొచ్చాయి" అని చెబితే, ఆ మాట మాస్టారి మనసులో జరిగిన సంగతిగా దిగిపోయేది. రోజంతా హాయిగా పేపరు చదువుకునేవారు.

ఒకనాడు పాలబండి రాలేదు. ఆయా అలవాటుగా శబ్దం పెట్టేసింది. మధ్యాహ్నం కాఫీ ఇస్తే, "ఇందాకే తాగానుగా, పాలావిడ ఆకుపచ్చ చీర కట్టుకుంది, చిక్కటి పాలు పోసింది" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు, సువర్చల కూడా నవ్వింది. చెప్పినదానికి కావలసిన రంగులు మనసు తనే పూసుకుంటోందని, మతిమరుపు లేనివాళ్ళ మీద కూడా ఇది పనిచేయవచ్చునని, నివేదికలో నలభై ఒకటో పేజీ అడుగున చిన్న అక్షరాలతో రాసి ఊరుకుంది.

అంబాజీపేట నుంచి విశాఖ తిరిగివచ్చి, తను పనిచేసే పరిశోధనశాల అధిపతి డాక్టర్ సోమయాజులు గదిలోకి ఆమె వెళ్ళేసరికి ఆయన పెసరట్టు తింటున్నారు. సువర్చల నిలబడే అడిగింది.

"తలవాకిలి వాళ్ళకి కుదురు అమ్మారా?"

"వాడుకునే హక్కులిచ్చాం. నీకూ కాగితం పంపించాను, చదువుకోలేదేమో. కూర్చోమ్మా, టిఫిన్ చేశావా?"

"దేనికి వాడుతున్నారో తెలుసా మీకు?"

ఆయన అల్లంపచ్చడి అద్దుకుంటూ తాపీగా చెప్పారు. "తెలియకేం? సరుకు అందలేదని ఫిర్యాదులు ఎక్కువైపోయాయట. ఇప్పుడు దాదాపు లేవు. కస్టమర్లంతా తృప్తిగా ఉన్నారు. ఎవరికైనా బాధ ఉంటే చెప్పు, వింటాను. అసలు వాళ్ళు నీ నివేదికంతా కూడా చదవలేదు. నలభై ఒకటో పేజీ అడుగున రాశావే, అది చూసి కొన్నారు."

సువర్చల కుర్చీ వీపు పట్టుకుంది.

"అంటే సరుకు పంపకుండానే?"

"అన్నీ కాదులే. టీవీ రాకపోతే గోడ మీద తెలిసిపోదూ? వాటి జోలికి వెళ్ళరు. కొని, అలమార్లో పెట్టి మర్చిపోయేవి ఉంటాయి చూడు. మందుల పెట్టెలు, టార్చిలైట్లు, అగ్గి ఆర్పే సీసాలు. అవసరం పడితే గానీ ఎవరూ వెతకనివి. ఆ అవసరం నూటికి ఒకరికి పడుతుంది. పడ్డా, తామే ఎక్కడో పెట్టామనుకుంటారు." ఆయన వేళ్ళు నాక్కుని నవ్వారు. "తెలివైనవాళ్ళమ్మా."

"ఆ నూటికి ఒకరు మా మరిది."

ఆయన నవ్వు ఆగింది. ఒక్క క్షణం నిజంగానే చిన్నబోయారు. తర్వాత కంచం పక్కకి జరిపి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని, "చాలా విచారం. ఏమైనా సాయం కావాలంటే వాళ్ళతో నేను మాట్లాడతాను. బయట మాత్రం ఎక్కడా అనకు. ఒప్పందం మీద నీ సంతకం కూడా ఉంది" అన్నారు.

ఆ రుమాలు మీద పచ్చడి మరక చూస్తూ నిలబడింది సువర్చల. ఆయన మీద కలిగిన రోత కంటే, ఇన్నేళ్ళూ ఆయన ఎదురుగా కూర్చుని అదే పెసరట్టు తిన్నందుకు తన మీద కలిగిన రోత ఎక్కువైంది. తన గదికి వెళ్ళి, ప్రయోగాల పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని, బయటికి నడిచింది. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

*

ఫిర్యాదు హైమవతి పేరు మీదే వేయాలి. కొన్నది ఆమె. "అందిందని గుర్తున్నదాన్ని, అందలేదని ఎలా చెప్పనక్కా?" అంది. "అబద్ధమాడొద్దు. అడిగితే నీకు గుర్తున్నదే చెప్పు" అంది సువర్చల. ఆ శబ్దం ఎవరు తయారుచేశారో మాత్రం చెల్లెలికి చెప్పలేదు. రోజూ చెప్పాలనుకునేది, రోజూ రేపటికి వాయిదా వేసేది.

జిల్లా వినియోగదారుల కమిషన్ ముందుకి కేసు మే నెలలో వచ్చింది. అధ్యక్షురాలు నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు ఉన్న పెద్దావిడ. పక్కన ఇద్దరు సభ్యులు. తలవాకిలి తరఫున రుద్రమూర్తి అనే వకీలు వచ్చాడు. నున్నగా దువ్విన మీసం, మడత నలగని నల్లకోటు. హైమవతిని నిలబెట్టి ఒక్కటే అడిగాడు.

"అమ్మా, దేవుడి మీద ప్రమాణం చేశారు. పార్సిల్ మీకు అందిందా?"

హైమవతి అక్క వైపు చూసింది. తర్వాత తల వంచుకుని, "అందిందండి" అంది.

వెనక బల్ల మీద సత్యవేణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. రుద్రమూర్తి కమిషన్ వైపు తిరిగి చేతులు చాచాడు. "ఇంకేం కావాలండి? అందిందని ఫిర్యాదుదారే అంటున్నారు. ఇల్లాలి అజాగ్రత్త వల్ల ఒక నిండు ప్రాణం పోయింది. ఆ పాపాన్ని కంపెనీ నెత్తిన రుద్దుతున్నారు."

ఇల్లాలి అజాగ్రత్త అన్నప్పుడు అతని గొంతులో జాలి పలికింది. ఆ జాలి విని సువర్చల ఇక కూర్చోలేకపోయింది. లేచి, ప్రయోగాల పుస్తకాలు బల్ల మీద పెట్టి, ఆ శబ్దం ఏం చేస్తుందో చెప్పింది, ఎవరు చేశారో మాత్రం దాటేసింది. సభ్యులు నమ్మీ నమ్మనట్టు చూశారు. రుద్రమూర్తి పకపకా నవ్వాడు.

"కథ బాగుందండి. ఆ మంత్రమేదో నా మీదే వేయమనండి, చూద్దాం."

"రాతపూర్వకంగా ఒప్పుకుంటారా?" అంది అధ్యక్షురాలు. అతను అక్కడికక్కడే సంతకం పెట్టాడు. వీడియో కెమెరా పెట్టారు. మిగతావాళ్ళందరికీ సువర్చల చెవుల్లో పెట్టుకునే మైనపు ఉండలు పంచింది. తనూ పెట్టుకుంది. శబ్దం వినిపించి, ఎదురుగా కూర్చుని, అతనికి ఒకే మాట చెప్పింది. తర్వాత అందరినీ ఉండలు తీసేయమని సైగ చేసింది.

రుద్రమూర్తి నవ్వుతూ లేచాడు. "చూశారుగా? నాకేం కాలేదు. మజ్జిగిచ్చి మంచి చేసుకుందామనుకున్నారు, అంతే. అందులోనూ ఉప్పెక్కువ." వేలితో మీసం తుడుచుకున్నాడు.

సభ్యుల్లో ఒకాయన అతని ఎదుటి బల్ల మీదికి తొంగిచూశాడు.

"ఏ మజ్జిగండి?" అంది అధ్యక్షురాలు.

"ఇప్పుడే ఇచ్చారు కదండీ, స్టీలు గ్లాసులో." అతను బల్ల మీద చూశాడు. కాగితాలు ఎత్తి చూశాడు. వంగి బల్ల కింద చూశాడు. లేచేసరికి అతని మొహాన చెమట పట్టింది. "ఎవరో తీసేశారు గ్లాసు. చల్లగా ఉందండి, నా చేతికి ఇంకా తెలుస్తోంది."

కెమెరాలో ఉన్నది, చప్పుడు తీసేసి, అతనికి వేసి చూపించారు. అతను దాన్ని రెండోసారి చూడలేకపోయాడు.

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఆవిడ జ్ఞాపకాన్ని పక్కన పెట్టండి. సరుకు చేర్చామని రుజువు చూపించాల్సింది అమ్మినవాళ్ళు. గోడౌన్ దాటినట్టు కాగితమేది? తీసుకెళ్ళిన మనిషెవరు? తాళం వేసిన ఇంట్లో ఎవరి చేతికిచ్చారు?"

రుద్రమూర్తి దగ్గర ఏ కాగితమూ లేదు. ఆ ఇంజక్షన్ ఆ ఏడాదంతా వాళ్ళ గోడౌన్‌లోకే రాలేదని తర్వాత బయటపడింది.

"ఈ శబ్దాన్ని తయారుచేసిందెవరు?" అని అధ్యక్షురాలు చివరగా అడిగింది.

సువర్చల చెల్లెలి వైపు చూడకుండా జవాబిచ్చింది. "నేనేనండి."

*

తీర్పు జూలైలో వచ్చింది. తలవాకిలి ఆ శబ్దం వాడకూడదు. ఇంతవరకూ అందినట్టు ఫోను చేసిన ప్రతి సరుకుకీ రుజువు చూపాలి. లేనిచోట కొన్నవాళ్ళని వెతికి పట్టుకుని నిజం చెప్పాలి. కంపెనీ పైకోర్టుకి వెళతానంది. పేపర్లో నాలుగు లైన్లు పడ్డాయి.

సత్యవేణమ్మ కోడలి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చుంది. హైమవతి మాత్రం అక్కతో మే నెల నుంచి మాట్లాడలేదు. నెల తర్వాత తీర్పు ప్రతి చేతికొచ్చాక, అది పట్టుకుని సువర్చల అంబాజీపేట వచ్చింది.

హైమవతి కాగితం చదివి మడిచింది. "ఇందులో రాలేదని రాసేరు. నేను నమ్ముతున్నాను. కానీ కళ్ళు మూసుకుంటే ఆ పెట్టె తడిసిన మూల నా బొటనవేలికి తగులుతుందక్కా. పెట్టింది నేనే, పారేసింది నేనే, ఆయన్ని చంపుకున్నది నేనే అనిపిస్తుంది."

సువర్చల ఆమె ఎదురుగా కూర్చుంది. "ఒక దారుంది. అదే శబ్దం వినిపించి, పార్సిల్ రాలేదని నేను చెప్తే, అది పోతుంది. నీకిక ఆ నింద ఉండదు. నిజమే కదా చెప్పేది."

హైమవతి ఒక్కసారిగా వెనక్కి జరిగింది. పచ్చి మాంసం ముద్ద ఎవరో ఒళ్ళో వేసినట్టు ఆమె మొహం ముడుచుకుపోయింది. అంత అసహ్యంగా సువర్చల వైపు ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"నిజమైనా సరే వద్దు. నా బుర్రలోకి ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దు. నువ్వసలే పెట్టొద్దు. ఉన్నది అబద్ధమని తెలిసీ మోస్తాను. అది నా ఇష్టం."

కాసేపటికి హైమవతి చెప్పులేసుకుని, ఒక నోటుపుస్తకం తీసుకుని గుమ్మం దిగింది. "వస్తే రా" అంది, వెనక్కి తిరక్కుండా.

నెల రోజులుగా ఆమె చేస్తున్న పని అది. కొన్నవాళ్ళని కంపెనీ వెతుకుతుందని ఆమెకి నమ్మకం లేదు. ఇల్లిల్లూ తిరిగి, ఆన్‌లైన్‌లో ఏం తెప్పించుకున్నారని అడుగుతుంది. వచ్చిందంటే, చేత్తో పట్టుకొచ్చి చూపించమంటుంది. చూపించలేనివాళ్ళ పేర్లు పుస్తకంలో రాసి, వాళ్ళ చేత ఫిర్యాదు వేయిస్తుంది. కొందరు విసుక్కున్నారు. ఒకావిడ తలుపేసేసింది. పదకొండు ఊళ్ళు పూర్తయ్యాయి.

ఆవేళ గోదావరి గట్టున రేవు పక్కన నూకరత్నం అనే ఆవిడ ఇంటికి వెళ్ళారు. ఆవిడ మొగుడు ఏటి మధ్య లంకకి పడవ నడుపుతాడు. ఎర్రనీళ్ళు గట్టు అంచుదాకా వచ్చాయి. పడవలో అప్పటికే జనం ఎక్కుతున్నారు, మార్కెట్ నుంచి తిరిగివెళ్ళే ఆడవాళ్ళు, గంపలు, చంకల్లో పిల్లలు.

"మేమా? పడవలో వాళ్ళకని పన్నెండు లైఫ్ జాకెట్లు తెప్పించేమండి. పోయిన వేసంగిలోనే వచ్చేసేయి. నారింజ రంగువి, ఎంత బాగున్నాయో! గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేను."

"చేత్తో పట్టుకున్నారా?" అంది హైమవతి.

"అయ్యో, నేనే ఎక్కించేనండి పైకి. ఈవేళ నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి, ఎలాగూ దింపుదామనుకుంటన్నాను. ఉండండి, చూపిస్తాను." ఆవిడ నవ్వుతూ లోపలికి వెళ్ళింది.

నిచ్చెన జరిపిన చప్పుడు వినపడింది. తర్వాత అటక మీద గిన్నెలు కదిలాయి. తట్ట ఏదో దొర్లింది. "ఇటు జరిపేడేమో మా ఆయన" అని లోపల్నుంచే అంది ఆవిడ. మళ్ళీ చప్పుడు. ఇంకేదో కింద పడింది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు.

సువర్చల చెల్లెలి వైపు తిరిగింది. హైమవతి అక్కడ లేదు. పుస్తకం అరుగు మీద పడేసి, చెప్పులు వదిలేసి, బురదలో జారుతూ రేవులోకి దిగుతోంది. పడవ దగ్గర నూకరత్నం మొగుడు అప్పుడే తాడు విప్పుతున్నాడు.

"ఆపండి! పడవ వదలొద్దు!"

"ఏంటమ్మా మీ గొడవ? వాన వచ్చేస్తంది, దాటించాలి" అని అరిచాడతను. పడవలో ఆడవాళ్ళు కూడా కసురుకున్నారు.

హైమవతి ఆగలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి, అతని చేతిలోంచి తాడు లాక్కుని, గట్టు మీది గుంజకి రెండు చుట్లు తిప్పి, బలమంతా పెట్టి ముడివేసింది. తర్వాత ఆ ముడి మీదే కూర్చుంది.